స్వీట్ పీ తీగకు ఏ ఊతం? ముందు దాని చెయ్యి చూడాలి

కొన్నేళ్ళ కిందట ఒక అక్టోబరులో మా మిద్దె మీద ఒక పొడవాటి తొట్టెలో రెండు రకాల గింజలు పెట్టాను. ఒక చివర చిక్కుడు, ఇంకో చివర సువాసన పూల కోసం పెంచే తీగ, స్వీట్ పీ. రెండూ పాకేవే కదా అని రెంటికీ ఒకే ఊతం ఇచ్చాను: బొటనవేలి కన్నా లావుపాటి వెదురు కర్రలు. నున్నగా, నిటారుగా, చూడ్డానికి బాగున్నాయి. నెలన్నర తిరిగేసరికి చిక్కుడు మెలికలు చుట్టుకుంటూ నా తల దాటిపోయింది. స్వీట్ పీ మాత్రం మూరెడు ఎత్తు వరకు కర్ర పక్కనే నిలబడి, ఆ తర్వాత తొట్టె అంచు మీదుగా బయటికి వాలిపోయింది. దగ్గరికి వెళ్ళి చూస్తే దాని నులితీగలు, అంటే ఊతాన్ని పట్టుకోవడానికి చాచే సన్నటి కొసలు, కర్ర జోలికే పోలేదు. ఒకదాన్నొకటి పట్టుకుని, మధ్యలో దొరికిన గడ్డిపరకను కూడా కలుపుకుని ముద్దయిపోయాయి.

ఫొటో తీసి అమ్మకు పంపాను. అమ్మ తాండూరు వైపు పల్లెలో ఉంటుంది. స్వీట్ పీ అనే మొక్కను ఎప్పుడూ చూడలేదు. అయినా కాసేపటికే ఫోన్ చేసింది. "అంత లావు కట్టెను అదెట్ల పట్టుకుంటది బిడ్డా? దాని చేతులు చూడు, ఎంత సన్నగున్నయో. నాలుగు కందికంపలు గుచ్చు."

నేను అప్పటికే ఊతాల గురించి చాలా చదివి ఉన్నాను. వెదురా, ఇనుమా, ప్లాస్టిక్ వలా? ఆర్చీ బాగుంటుందా, గోడకు జాలీ బాగుంటుందా? ఎంత ఖర్చు, ఎన్నేళ్ళు వస్తుంది? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే, కానీ రెండో వరసలో. ఈ తీగ అసలు ఎలా ఎక్కుతుంది అన్నది తేలకుండా వీటికి జవాబు చెప్పుకుంటే నాకు జరిగిందే జరుగుతుంది.

పాకే మొక్కలన్నిటినీ మనం తీగ అనే ఒక్క మాటతో పిలుస్తాం. ఎక్కే పద్ధతి మాత్రం అన్నిటికీ ఒకటి కాదు. చిక్కుడు, బచ్చలి, శంఖుపుష్పం లాంటి వాటికి చేతులు లేవు, కాండమే చుట్టుకుంటుంది. కొన నెమ్మదిగా గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, ఏదైనా అడ్డు తగిలితే దాన్ని చుట్టుకుని పైకి పోతుంది. కాండం పెరుగుతున్నంత కాలం చుట్టడానికి పొడవు దొరుకుతూనే ఉంటుంది కాబట్టి కర్ర కాస్త లావైనా దానికి పట్టింపు లేదు. పందిరి గుంజను కూడా ఎక్కేస్తుంది. తమలపాకు, మిరియం, మనీ ప్లాంట్ కణుపుల దగ్గర వేళ్ళు పుట్టించుకుని అతుక్కుంటాయి. వాటికి కావలసింది గరుకుదనం, తేమ. తమలపాకు తోటల్లో అవిసె మొక్కలను పెంచి వాటి మీదికి తీగను ఎక్కించేది అందుకే. బతికున్న చెట్టు బెరడు పట్టునిస్తుంది, పైన ఆకు నీడనిస్తుంది. కాగితంపూల మొక్కకైతే ముళ్ళు తప్ప ఏమీ లేవు, పక్క కొమ్మల మీద పడి తగులుకుంటుంది. గోడ మీదికి పోవాలంటే మనమే కట్టాలి.

మిగిలినవి చేతులున్నవి. బీర, కాకర, దొండ, సొర, ద్రాక్ష, బఠాణీ, మన స్వీట్ పీ. ఈ చేతులనే బడి పుస్తకాల్లో నులితీగలు అన్నారు. ఈ గుంపులోనూ అందరి చేతులూ ఒకటి కావు. సొర, బీరల నులితీగ కణుపు దగ్గర పుడుతుంది. పొడవుగా ఉంటుంది, ముదిరాక తీగముక్కలా గట్టిపడుతుంది. స్వీట్ పీ నులితీగ వేరే పుట్టదు, ఆకు కొసే నులితీగగా మారుతుంది. రెండు చిన్న ఆకులు విచ్చుకున్నాక ఈనె ముందుకు సాగి, చీలి, సన్నటి కొసలవుతుంది. అంటే ప్రతి ఆకుకీ ఒక చెయ్యి. బలం తక్కువ, సంఖ్య ఎక్కువ.

ఇప్పుడు కర్ర లావు లెక్కకు వద్దాం. నులితీగ కొస అయిదారు సెంటీమీటర్లు ఉందనుకోండి. పెన్సిల్ చుట్టుకొలత రెండున్నర సెంటీమీటర్లకు లోపే. అంటే ఆ కొస పెన్సిల్‌ను రెండు చుట్లు చుట్టగలదు, గట్టిగా పట్టుకోగలదు. నేను పాతిన కర్ర 3 సెంటీమీటర్ల లావు, దాని చుట్టుకొలత తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు దగ్గర. అదే కొస దాని చుట్టూ సగం దూరమే పోగలదు. తాటిచెట్టును ఒక్క చేత్తో చుట్టమన్నట్టు. నులితీగ కర్రను తాకుతుంది, వంగడం మొదలుపెడుతుంది, చుట్టు పూర్తికాక జారిపోతుంది. అందుకే స్వీట్ పీకి పెన్సిల్ కన్నా సన్నని ఆధారం కావాలి. పురికొస, వల, ఎండు కొమ్మల రెమ్మలు, సన్న కమ్మీల జాలీ, ఏదైనా సరే.

పట్టు దొరకని నులితీగ ఊరికే కూర్చోదు. తనలో తనే చుట్టుకుని వాడిపోతుంది, లేదా పక్కనున్న దేన్నైనా పట్టుకుంటుంది: తోటి కొమ్మను, ఆకును, పూకాడను. నా తొట్టెలో ముద్ద కట్టింది అలాగే. దీన్నే వాడుకున్న వాళ్ళూ ఉన్నారు. బఠాణీలో ఆఫిలా అనే ఒక జన్యు మార్పు ఉంది, దానివల్ల చిన్న ఆకులన్నీ నులితీగలైపోతాయి. ఎండు బఠాణీ పండించే పెద్ద పొలాల్లో ఈ రకాలే ఎక్కువ వేస్తారు. ఊతకర్ర ఒక్కటి లేకుండా, మొక్కలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని పొలం పొలమంతా నిలబడుతుంది. కానీ అవి పొట్టి మొక్కలు, ఒత్తుగా వేస్తారు. ఆరడుగులు పెరిగే స్వీట్ పీ నాలుగు మొక్కలతో ఆ పని చేయలేదు, నలుగురూ కలిసి పడిపోతారు.

నులితీగల స్పర్శ గురించి చార్లెస్ డార్విన్ చాలా ఓపికగా గమనించాడు. ఒకసారి పాషన్ ఫ్లవర్ జాతి తీగ నులితీగల కొసలను సన్నపుల్లతో తాకి, భూతద్దంలో చూస్తూ ఎంతసేపటికి వంగుతాయో లెక్కపెట్టాడు. 25 నుంచి 39 సెకన్లు పట్టింది. స్వీట్ పీకి అంత వేగం లేదు గానీ పద్ధతి అదే. తాకిన వైపు తక్కువగా, అవతలి వైపు ఎక్కువగా పెరగడం వల్ల కొస వంకర తిరుగుతుంది. ఆ చుట్టు ఒకసారి కుదిరాక నులితీగల్లో చాలావాటి మధ్య భాగం కూడా స్ప్రింగులా మెలికపడుతుంది. బీర తీగ దగ్గర నిలబడి చూడండి, ఆ స్ప్రింగు సగం దూరం ఒక వైపుకు తిరిగి, మధ్యలో ఒక చిన్న మలుపు తర్వాత ఎదురు వైపుకు తిరిగి ఉంటుంది. రెండు చివరలూ కదలకుండా ఉన్నప్పుడు మధ్యలో మెలిక పడాలంటే అలా రెండు దిక్కులా పడక తప్పదు. డార్విన్ గాలివానలో కావాలని బయటికి వెళ్ళి, కంచె మీద పాకిన బ్రయొనీ అనే తీగను చూసేవాడు. అది మన కాకర, దొండల కుటుంబానిదే. కొమ్మలు ఎంత ఊగినా ఆ స్ప్రింగులు సాగి, ముడుచుకుని, తెగకుండా పట్టుకున్నాయట.

దీన్నుంచి ఒక పనికొచ్చే సంగతి తెలుస్తుంది. ఊతం రాయిలా బిగుసుకుపోయి ఉండనక్కర్లేదు, కాస్త ఊగినా నష్టం లేదు. మనం చేత్తో కట్టే ముడి మాత్రం స్ప్రింగు కాదు. అందుకే స్వీట్ పీ కాండాన్ని బిగించి కడితే గాలికి ముడి దగ్గరే విరుగుతుంది. చిటికెనవేలు దూరేంత వదులుగా కట్టాలి.

ఇక ఆ చెయ్యి అంత సన్నగా ఎందుకుందంటే, అది పుట్టిన చోటును చూడాలి. స్వీట్ పీ సొంత ఊరు సిసిలీ, దక్షిణ ఇటలీ. 1699లో సిసిలీలోని ఫ్రాన్సిస్కో కుపాని అనే సన్యాసి ఆ గింజలను ఇంగ్లాండ్‌కు పంపాడు, తోటల్లోకి దాని ప్రయాణం అక్కడ మొదలైంది. అడవి రూపంలో అది గడ్డి మధ్య, పొదల మధ్య పెరిగే చలికాలపు మొక్క. అక్కడ దానికి దొరికేవి గడ్డికాడలు, పొద రెమ్మలు, ఆ కొలతకే చెయ్యి తయారైంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లాండ్‌లోని వెమ్ అనే చిన్న ఊళ్ళో హెన్రీ ఎక్‌ఫర్డ్ పువ్వును పెద్దది చేశాడు. 1900 ప్రాంతంలో ఆల్‌థార్ప్‌లో, అంటే తర్వాతి కాలంలో బ్రిటన్ యువరాణి డయానా పుట్టింటి ఎస్టేట్‌గా లోకానికి తెలిసిన చోట, తోటమాలి సైలస్ కోల్ అలల అంచు పువ్వును పైకి తెచ్చాడు. ఇవాళ మనం కొనే స్పెన్సర్ రకాల పేరు ఆ ఎస్టేట్ వాళ్ళ ఇంటిపేరే. పువ్వు పెరిగింది, కాడ పొడవైంది. చెయ్యి మాత్రం ఆ పొదల నాటి సన్నటి చెయ్యే.

అమ్మ కందికంప అనగానే నాకు ఇదంతా ఒక్కసారిగా కలిసింది. కంది కోసి, కొట్టి, గింజలు రాలగొట్టాక మిగిలే కట్టె అది. కింద వేలెడు లావుంటుంది, పైకి పోయేకొద్దీ చీలి, చీలి, చివరికి అగ్గిపుల్లంత సన్నని రెమ్మలవుతుంది. ఇంగ్లాండ్‌లో తోటమాలులు బఠాణీకి, స్వీట్ పీకి తరతరాలుగా హేజెల్ చెట్టు రెమ్మల కొమ్మలను గుచ్చుతారు. కంప ఏ చెట్టుదన్నదే తేడా. మొదట్లో చేతికి రెమ్మ దొరుకుతుంది, పైకి పోయేకొద్దీ ఎటు తిరిగినా రెమ్మే. నేలలో జానెడు లోతు దిగేలా, కొద్దిగా లోపలికి వాల్చి, పక్కపక్కనే గుచ్చితే నెలలో కంప కనబడదు, పచ్చని పొదే కనబడుతుంది. చిక్కు ఏమిటంటే కంది కోతలు డిసెంబరు తర్వాత ఊపందుకుంటాయి. స్వీట్ పీ గింజ అక్టోబరులోనే పడాలి. కాబట్టి పోయిన ఏటి కంపే కావాలి, అది చాలా ఇళ్ళలో పొయ్యిలోకి పోయి ఉంటుంది. పట్నంలో అసలు దొరకదు. అమ్మ బస్సులో ఒక కట్ట వేసి పంపింది. దించుకునేటప్పుడు కండక్టర్ చూపు నాకింకా గుర్తుంది.

కంప దొరకని వాళ్ళకు నా ఓటు జనపనార పురికొసకు. పైన ఒక అడ్డకర్ర, కింద ఒక అడ్డకర్ర, మధ్యలో అరడుగు ఎడంతో నిలువుగా పురికొసలు, రెండు మూడు చోట్ల అడ్డంగా ఒక్కో వరస. నార గరుకుగా ఉంటుంది, నులితీగ జారదు. ఒక సీజను ఆగితే చాలు, స్వీట్ పీ ఆయుష్షూ అంతే. నైలాన్ వల చవక, తేలిక, ఎక్కడైనా దొరుకుతుంది. నేనూ ఒక ఏడాది వాడాను. మొక్కకు దానితో ఇబ్బంది లేదు, నాకే. సీజను అయ్యాక ఎండిన తీగను వల నుంచి విడదీయబోయాను. తీగ లాగితే డొంకంతా కదిలిందన్న సామెత ఎవరు కట్టారో గానీ వాళ్ళు కచ్చితంగా ఇలాంటి పనే చేసి ఉంటారు. ప్రతి అంగుళానికీ ఒక నులితీగ, ఎండి ఇనుప చుట్టలా బిగుసుకుపోయి ఉంది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి వల, తీగ రెండూ చెత్తబుట్టలోకి పోయాయి. తప్పక వల వాడితే కన్ను పెద్దది తీసుకోండి, చెయ్యి దూరాలి. కన్ను చిన్నదైతే పువ్వు అవతల వైపు పూసి, మనం ఇవతల నిలబడి చూస్తూ ఉంటాం.

ఇనుప జాలీ చాలా ఏళ్ళు వస్తుంది. కమ్మీ సన్నగా ఉంటే స్వీట్ పీ దాన్నీ ఇష్టంగానే పట్టుకుంటుంది. చలికాలపు ఎండకు అది కాలేంత వేడెక్కదు. గోడకు కొట్టేటప్పుడు మాత్రం నాలుగు వేళ్ళ సందు వదలాలి. నులితీగ కమ్మీ వెనక్కి తిరిగి రావాలంటే చోటు కావాలి, గాలి ఆడకపోతే ఆకు మీద బూడిద తెగులు కూడా తొందరగా పడుతుంది. లావు గొట్టాలతో చేసిన ఆర్చీలు పెళ్ళి ఫొటోల్లో అందంగా ఉంటాయి. వాటికి స్వీట్ పీ ఎక్కాలంటే ముందు గొట్టాల మధ్య పురికొస అల్లాలి. అప్పుడు మొక్క ఎక్కేది పురికొసను, ఆర్చీ ఊరికే దాన్ని మోస్తుంది.

లావు కర్ర పూర్తిగా పనికిరాదా అంటే, ఒక్క సందర్భంలో అదే కావాలి. ఇంగ్లాండ్‌లో పూల పోటీలకు స్వీట్ పీ పెంచేవాళ్ళు ఒక్కో మొక్కకు ఒక్కో ఎనిమిదడుగుల వెదురు పాతుతారు. పక్క కొమ్మలన్నీ గిల్లేస్తారు. ఆశ్చర్యమేమిటంటే, నులితీగలనూ ఒక్కొక్కటిగా గిల్లేస్తారు. అవి పూకాడను పట్టుకుంటే కాడ వంకర పోతుంది, పోటీలో మార్కులు పోతాయి. చేతులు తీసేశారు కాబట్టి ఎక్కించే బాధ్యత మనిషిది, అడుగడుగునా వదులుగా కడుతూ పోతారు. తీగ కర్ర చివరకు చేరాక ముడులన్నీ విప్పి, దాన్ని నేల మీద పడుకోబెట్టి, కొనను కాస్త దూరంలోని ఇంకో కర్రకు మళ్ళీ మొదటి నుంచి ఎక్కిస్తారు. పొడవాటి కాడలు, పెద్ద పువ్వులు వస్తాయి, నిజమే. రెండు రోజులకోసారి ప్రతి మొక్క ముందూ కూర్చునే ఓపిక ఉంటేనే. నాకు లేదు. నా చిక్కుడు పక్కనున్న కర్రలతో ఆ పద్ధతి చేయొచ్చని తెలిశాక కూడా చేయలేదు.

ఎత్తు సంగతి. మామూలు స్వీట్ పీ ఆరడుగులు తేలికగా పెరుగుతుంది, ఆరోగ్యంగా ఉంటే ఇంకా పైకి పోతుంది. కాబట్టి ఎనిమిదడుగుల ఊతం కట్టాలనిపిస్తుంది. నేను కట్టాను, అది రెండో పొరపాటు. ఈ మొక్కకు పువ్వు కోయడమే సేద్యం. రెండు రోజులకోసారి కోస్తుంటే కొత్త పువ్వు వేస్తుంది. కొయ్యకపోతే కాయ పడుతుంది, గింజ తయారవుతుంది, ఇక తన పని అయిపోయిందని మొక్క పూయడం ఆపేస్తుంది. నా ఊతం పై రెండడుగులు నా చేతికి అందలేదు. అక్కడ కాయలు కట్టాయి, నెల తిరగకుండానే కిందా పూత తగ్గింది. ఊతం ఎత్తును మొక్క కోరికను బట్టి కాకుండా, మీరు స్టూలు ఎక్కకుండా చెయ్యి పైకెత్తితే ఎంత అందుతుందో దాన్ని బట్టి పెట్టుకోండి. అది దాటిన కొనను తుంచేస్తే నష్టం లేదు, లేదా అడ్డంగా మళ్ళించవచ్చు.

ఇక్కడే మన పందిరికీ దీనికీ దారులు వేరవుతాయి. సొర, బీర, పొట్లలకు మనం పైన అడ్డంగా పందిరి వేస్తాం, ఎందుకంటే కాయ వేలాడాలి. వేలాడితే పొట్లకాయ నిటారుగా సాగుతుంది, బీరకాయ వంకర పోదు, సొరకాయ నేల తగిలి కుళ్ళదు. బరువు కూడా తక్కువేం కాదు. ఒక్క సొరకాయే కిలో దాటుతుంది, మంచి పాదు మీద పదులు ఉంటాయి. అందుకే రాతి కడీలు, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) తీగలు. స్వీట్ పీ పూకాడ ఆకు పక్క నుంచి పైకి లేస్తుంది. పందిరి మీదికి పాకిస్తే పువ్వులన్నీ ఆకాశం వైపు పూస్తాయి, కింద నిలబడిన మనకు కనబడేవి ఎండుటాకులు. పైగా దాని బరువు దాదాపు లేనట్టే. నిలువు గోడలా పెంచితేనే పువ్వు కళ్ళ ఎదురుగా, ముక్కు ఎత్తులో ఉంటుంది. వాసన కోసమే కదా దీన్ని పెంచేది.

బరువు లేదు కదా అని ఊతం బలహీనంగా కడితే గాలి లెక్క అడుగుతుంది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు పచ్చటి గోడ అంటే రెండు చదరపు మీటర్లు పైనే. గంటకు 36 కిలోమీటర్ల గాలి దాని మీద నేరుగా కొడితే, పలకలా సందు లేకుండా ఉంటే, 13 కిలోలకు పైనే తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లు అవుతుంది, 50 కిలోలు దాటుతుంది. ఆకుల సందుల్లోంచి కొంత గాలి పోతుంది కాబట్టి అంతా పడదు, కానీ నాలుగో అంతస్తు మిద్దె మీద కుండీలో గుచ్చిన రెండు కర్రలను పడగొట్టడానికి అందులో సగం చాలు. నేల మీదైతే కర్రను అడుగున్నర లోతు దించవచ్చు. కుండీలో ఆ లోతు లేదు, కుండీయే దొర్లుతుంది. మిద్దె తోటకు నా సలహా ఏమిటంటే, ఊతాన్ని కుండీకి కాకుండా పిట్టగోడకో, రెయిలింగుకో కట్టండి. అది కుదరకపోతే పెద్ద కుండీలో మూడు నాలుగు కర్రలు గుండ్రంగా పాతి, పైన కలిపి కట్టి, చుట్టూ పురికొస చుట్టండి. గుడారంలాంటి ఆ ఆకారానికి ఏ వైపు నుంచి గాలొచ్చినా పట్టు ఒకటే, వాలు గోడల మీదుగా జారిపోతుంది.

ఇంత బాధ ఎందుకనుకునే వాళ్ళకు పొట్టి రకాలూ ఉన్నాయి. క్యుపిడ్ రకాలు జానెడు దాటవు, వేలాడే కుండీలోంచి కిందికి జారతాయి. స్నూపీ అనే ఇంకో రకానికి నులితీగలే లేవు, వాటి స్థానంలో ఆకులే వస్తాయి. ఆఫిలా బఠాణీకి సరిగ్గా తిరగబడిన కథ. దానికి జాలీ కట్టినా లాభం లేదు, పట్టుకోవడానికి చేతులుండాలి కదా. గింజల ప్యాకెట్ వెనక ఎత్తు ఎంత రాశారో చూసి కొంటే ఊతం ఖర్చు ముందే తెలుస్తుంది.

మన వాతావరణంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల దీనికి దొరికేది నాలుగైదు నెలలే. మార్చి ఎండ ముదిరేసరికి కింది ఆకులు పసుపెక్కి, తీగ చేతులెత్తేస్తుంది. కోస్తాలో ఆ గడువు ఇంకా తక్కువ. అంత కొద్దికాలపు మొక్క కోసం వేలు పోసి ఇనుప జాలీ కట్టించడం నాకైతే దండగనిపిస్తుంది, ఆ తర్వాత అదే జాలీకి వేసవి కాకర ఎక్కిస్తామంటే తప్ప. కాకర చెయ్యి కూడా సన్నదే, సుఖంగా ఎక్కుతుంది. ఊతాన్ని మాత్రం గింజ పెట్టిన రోజే పెట్టేయండి. మొక్క పెరిగాక గుచ్చితే వేళ్ళు తెగుతాయి. మొదటి జానెడు ఎత్తులో తీగకు దారి తెలియదు. అప్పుడు రెండు మూడు సార్లు మనమే రెమ్మ మీదికి ఆనిస్తే, ఆ తర్వాత దాని పని అది చూసుకుంటుంది.

పోయిన ఏప్రిల్‌లో కంపలతో సహా ఎండిన తీగను పీకాను. విడదీసే పనే లేదు, విరిచి ఎరువు గుంతలో వేశాను. దానికి ముందు కాయలను మాత్రం ఏరి పక్కన పెట్టాను. స్వీట్ పీ గింజలు విషం. చూడ్డానికి చిన్న బఠాణీల్లాగే ఉంటాయి, కేసరి పప్పు ప్రజాతికే చెందినవి, చిన్నపిల్లలున్న ఇంట్లో నేల మీద రాలనివ్వకూడదు. వాటిని సీసాలో పోసి, మూత బిగించి, పై అరలో పెట్టి, అమ్మకు ఫోన్ చేశాను. ఈసారి కంది కోతప్పుడు రెండు కట్టలు పొయ్యిలోకి పోకుండా పక్కన పెట్టించమని.